గుంపులో పాడిన సవాల్

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. పడమటి నుంచి మబ్బులు బారులు తీరి వచ్చి కల్లూరు మీద ఆగాయి గానీ చినుకు మాత్రం రాలలేదు. సూర్యుడు మబ్బు వెనకాలే పైకెక్కాడు. వెలుతురు ఉంది, నీడ లేదు. రామదాసు పత్తిచేను గట్టు మీద నిలబడి మొలకలను చూశాడు. రెండేసి ఆకులు విప్పుకుని తలలు వాల్చేశాయి. ఇయ్యాల రేపట్లో ఒక జల్లు పడితే నిలుస్తాయి, లేకపోతే మళ్లీ విత్తనం కొనాలి. ఆ సంగతి చూసుకోవాల్సిన మనిషి ఫోన్ గురించి ఆలోచిస్తున్నాడు.

ఫోన్ చొక్కా జేబులో ఉంది. నిన్న పొద్దుటి నుంచి అది ఆగి ఆగి వణుకుతూనే ఉంది. మొదట్లో తీసి చూశాడు. తర్వాత మానేశాడు. జేబులో తొండ పడ్డట్టు అది కదిలినప్పుడల్లా చెయ్యి అటు పోయి వెనక్కి వచ్చేది.

ఆ ఫోన్‌లో ఒక గుంపు ఉంది. జానపద పాటల మీద పరిశోధన చేసే పంతుళ్లు, పిల్లలు, పుస్తకాలు రాసేవాళ్లు అందులో మాట్లాడుకుంటారు. రామదాసును అందులో చేర్చింది శ్రుతి. రాయచూరు గంజ్‌లో రామదాసు ఎన్నో ఏళ్లుగా పత్తి వేసే దుకాణం వాళ్ల నాన్నది. ఆ పిల్ల పీర్ల పండుగ పాటల మీద డాక్టరేటు చేస్తోంది. చలికాలమంతా కల్లూరు తిరిగి రామదాసు మేళం పాటలు రికార్డు చేసుకుంది. పాట గురించి మాట్లాడుకునేచోట పాడేవాళ్లు కూడా ఉండాలని పట్టుబట్టి అతని నంబరు గుంపులో వేసింది.

రామదాసు ఊరి కన్నడ బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. తెలుగు అక్షరాలు పాట నేర్పిన గురువు దగ్గర నేర్చుకున్నాడు. నిదానంగా చదువుతాడు గానీ ఒక్క మాట వదలడు. గుంపులో చేరిన దగ్గర్నుంచి అతను నోరు మెదపలేదు. సాయంత్రం పశువులకు మేత వేశాక అరుగు మీద కూర్చుని చదివేవాడు.

చదవగా చదవగా అక్కడి రివాజు అతనికి తెలిసివచ్చింది. ఆ గుంపులో ఎవరూ నేరుగా తిట్టుకోరు. ముందు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. తర్వాత ‘గౌరవనీయులు’ అంటారు. ఎదుటివాళ్ల శ్రమ చాలా గొప్పదంటారు. ‘అయితే’ అనే మాట దాకా ఓపిక పట్టాలి. అసలు దెబ్బ దాని వెనకాల ఉంటుంది. కొట్టాక మళ్లీ చేతులు జోడిస్తారు. దెబ్బ తిన్నవాళ్లు ధన్యవాదాలు చెబుతారు. చూస్తున్నవాళ్లు ఏ పక్షమో బయటపడకుండా తలా ఒక పువ్వు పెట్టి పోతారు. ఇదీ ఒక మేళమే, దీనికీ ఒక పద్ధతి ఉంది అనుకున్నాడు రామదాసు. మేళం అనుకోవడంలోనే పొరబడ్డాడు.

శ్రుతి తన వ్యాసం ఒకటి, దానితో పాటు కల్లూరు పాటలు కొన్ని గుంపులో పెట్టింది. దానికి జయతీర్థ జవాబు రాశాడు. ఆయన కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై రాయచూరులోనే ఉంటున్నాడు. ఆచార్ల ఇంటి బ్రాహ్మడు, పెద్దమనిషి, గుంపులో అందరికీ గురుస్థానం. శ్రుతి డాక్టరేటును పరీక్షించే ముగ్గురిలో ఒకడు కూడా. ఆయన రాసిందాంట్లో చేతులు జోడించిన బొమ్మ ఉంది, శ్రమకు మెచ్చుకోలు ఉంది, ‘అయితే’ ఉంది. కల్లూరు పాటలు పాతవి కావనీ, సినిమా బాణీల మీద ఈమధ్య కట్టుకున్నవనీ, వాటిని సంప్రదాయం అనడం పరిశోధకురాలి ఉత్సాహమేననీ రాశాడు. చివర్లో, పాడినవారికి గురుపరంపర ఉన్న దాఖలా కూడా ఏదీ కనబడదన్నాడు.

ఆ చివరి మాట దగ్గర రామదాసు ఆగిపోయాడు.

పీర్ల పండుగ రాత్రి అలాయి గుండంలో నిప్పు వేసి, రెండు ఊళ్ల మేళాలు చెరో పక్క నిలబడి పాడతాయి. ఒకరు సవాల్ వేస్తే ఇంకొకరు జవాబు చెప్పాలి. మీకు గురువెవడు అని అడిగితే అది అన్నిటికన్నా పెద్ద సవాల్. ఊరుకుంటే లేడని ఒప్పుకున్నట్టు. జవాబు చెప్పేటప్పుడు ముందు ఎదుటివాడి గురువును పట్టుకుని ఉతకాలి. ఎదుటివాడు ఎంత పెద్దవాడైతే మాట అంత కారంగా ఉండాలి. మెత్తగా పాడితే వాణ్ని లెక్కలో పెట్టలేదని అర్థం. చిన్న మేళాలను అట్లా మెత్తగా పాడి పంపించేస్తారు, వాళ్లు ఏడాదంతా ఆ అవమానం మోస్తారు.

జయతీర్థ పెద్దమనిషి. ఆయన తమ గురువు సంగతి అడిగాడు. అంటే కల్లూరు మేళాన్ని తనకు సాటిగా నిలబెట్టాడు. రామదాసుకు లోపల్లోపల సంతోషమే వేసింది. ఆ సాయంత్రమే కంజిర తీసి, కొట్టం పక్కన నిలబడి, జవాబు కట్టి పాడి గుంపులోకి పంపాడు.

*కొండెక్కి కూసున్న పెద్దన్నా, నీ గురువు*
*గుడ్డోడా కుంటోడా సెప్పి రా*
*బావి సూడనోడు నీళ్ల రుసి సెప్పె*
*గడ్డ దిగి మా గుండం సుట్టి రా*

అతని వెనకాల వంత పాడే తాయప్ప దాన్ని తన ఫోన్‌లోకి తెప్పించుకుని ఊరంతా వినిపించాడు. టీ కొట్టు దగ్గర ముసలివాళ్లు తలలూపారు. ఈ మధ్యకాలంలో ఇంత గట్టి సవాల్ వినలేదన్నారు.

గుంపులో మాత్రం ఒక్క పువ్వు కూడా పడలేదు. తర్వాత ఒకరు సభ్యత అన్నారు. ఇంకొకరు వయోవృద్ధులను ఇట్లా అనడం అమానుషం అన్నారు. హైదరాబాదులో పాఠాలు చెప్పే నిఖిలేశ్ అనే ఆయన ఆ గుంపును నడుపుతాడు. ఆయన పాటను తీసేశాడు. ఆ తర్వాత మాటలు శ్రుతి మీదికి మళ్లాయి. విమర్శకు తాను జవాబు చెప్పలేక ఒక పల్లెటూరి మనిషి చేత తిట్టించిందని ఒకరు అనుమానం వ్యక్తం చేశారు, చేతులు జోడించి. ఆ అనుమానం ఒక్క పూటలో నిజమై కూర్చుంది. జయతీర్థ మాత్రం ఒక్క ముక్కా రాయలేదు.

గట్టు చివర స్కూటీ ఆగిన చప్పుడైంది. శ్రుతి హెల్మెట్ తీసి చేతిలో పట్టుకుని మట్టిపెళ్లల మీద నడిచివచ్చింది. నిద్ర లేని ముఖం. నవ్వడానికి చూసింది గానీ రాలేదు.

“ఏంది బిడ్డా, గింత పొద్దుగాల వచ్చినవ్?” అన్నాడు రామదాసు.

“నువ్వు ఫోన్ ఎత్తకపోతే ఏం చెయ్యాలె మామా? చేనుకాడ ఉంటవని కమలత్త చెప్పింది.”

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. ఆ పిల్ల నిదానంగా విషయం చెప్పింది. నిఖిలేశ్ ఆమెకు విడిగా ఫోన్ చేశాడట. ఈ సాయంత్రంలోగా రామదాసు గుంపులో క్షమాపణ చెప్పి, పాడిన మాటలు వెనక్కి తీసుకోవాలట. లేకుంటే ఇద్దరినీ గుంపులోంచి తీసేసి, యూనివర్సిటీలో ఆమె విభాగానికి ఉత్తరం రాస్తారట. ఉత్తరం పోయిందంటే వచ్చే నెల జరగాల్సిన ఆఖరు పరీక్ష ఆగుతుంది. ఆగింది మళ్లీ ఎప్పుడు జరుగుతుందో, అసలు జరుగుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో ఇప్పటికే సంబంధాలు చూస్తున్నారు. చదువు ఆగితే తన మాట ఇంక ఎవరూ వినరని ఆమె అనలేదు గానీ రామదాసుకు తెలుసు.

ఆమె ఫోన్ తీసి చూపించింది. క్షమాపణ రాసి పెట్టుకునే వచ్చింది. మంచి మాటలు, రెండు పక్కలా చేతులు జోడించిన బొమ్మలు. రామదాసు తన ఫోన్‌లోకి తెచ్చుకుని పంపితే చాలు.

అతను దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తర్వాత ఫోన్ ఆమెకు ఇచ్చేశాడు.

“గిది పంపితే నాకు ఏమైతదో నీకు ఎరుకేనా?”

“ఏమైతది?”

“సవాల్ వాపస్ తీసుకున్నోడు కంజిర కింద పెట్టినట్టు. మళ్ల ఎత్తరాదు. ఏ గుండం కాడా పాడరాదు. మా గురువు పెట్టిన కట్టు అది.”

శ్రుతి తల వంచుకుంది. ఈ సంగతి ఆమె రాసిన వ్యాసంలో లేదు. రామదాసు కూడా చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు. ఆమె బతిమాలలేదు. బతిమాలితే కాదనడం అతనికి తేలికయ్యేది.

“తిట్లంటే గంత భయమా వాళ్లకు?” అన్నాడు చివరికి. “తిట్టినా అంటే పెద్దోడని ఒప్పుకున్నట్టే కద.”

“తిట్టుకు కాదు మామా. గుడ్డోడా అన్నవ్ చూడు, దానికి. జయతీర్థ సార్ గురువుకు నిజంగానే చూపు లేకుండె. చివరి ఏండ్లల్ల రెండు కండ్లూ పోయినయ్. సారే ఇంట్ల పెట్టుకుని చూసుకున్నడు. గుంపుల చాలామంది ఆయన శిష్యులే. నువ్వు తెలిసే అన్నవని అనుకుంటున్నరు.”

రామదాసు చేతిలో మట్టిపెళ్ల ఉంది. దాన్ని చిదిపి కింద పోశాడు. మళ్లీ ఇంకొకటి తీసుకోలేదు.

ఆ పాదం అతను కొత్తగా కట్టింది కాదు. గుడ్డోడా కుంటోడా అని అడగడం కల్లూరు మేళంలో తాతల నాటి నుంచీ ఉంది. ఎవరి గురువునైనా అట్లాగే అడుగుతారు, ఏ గురువూ గుడ్డివాడు కాడు కాబట్టే అది నవ్వులాట. గుండం దగ్గర ఉత్త తిట్టు చెల్లుతుంది, నిజమైన తిట్టు చెల్లదు. ఉన్న అవిటిని ఎత్తిచూపితే అది తప్పిన పాట. పాడిన మేళం వచ్చే పండుగకు గుండం దగ్గరికి రాకూడదు. కొన్నేళ్ల కింద చిక్కసూగూరు మేళం వాళ్లు ఒక కుంటివాణ్ని కుంటోడా అని పాడారు. పంచాయితీలో నిలబడి, మాట జారిందని వాళ్లెంత చెప్పుకున్నా వినకుండా, ఏడాది పాటు వాళ్లను కూర్చోబెట్టింది రామదాసే.

“లే బిడ్డా,” అన్నాడు. “తాయప్ప ఇంటికి పోదాం.”

తాయప్ప ఇంటి ముందు కూర్చుని మేకలకు తుమ్మకొమ్మలు నరుకుతున్నాడు. రామదాసు కన్నా చిన్నవాడు, గొంతు ఇంకా గట్టిగా ఉంది. రామదాసు గొంతు రెండు మూడు పండుగల నుంచి పైస్థాయిలో జారుతోంది. వచ్చే పండుగకు ముందు పాట తాయప్పదేనని మేళం ముందు మాట కూడా ఇచ్చి ఉన్నాడు. ఇన్నేళ్లు వెనక నిలబడి వంత పాడిన మనిషి, మొదటిసారి ముందుకు రావాల్సిన పండుగ అది.

రామదాసు జరిగింది చెప్పాడు. తాయప్ప కొడవలి ఆపకుండానే విన్నాడు.

“నాకు సమజైంది ఏందంటే,” అన్నాడు, “గురువు వాళ్లకు గుడ్డోడు, మేళం మనది మూగది కావాలె. అంతే కద, హౌదా?”

రామదాసు కింద పడ్డ కొమ్మను మేకల వైపు జరిపాడు.

“నువ్వు పాడినవ్. తప్పింది నీ నోరు. కూసునేది నేనా?”

“మేళం అంతా కూసుండాలె. నీకు తెల్వందా?”

“చిక్కసూగూరోళ్లు ఇంటే నవ్వి చస్తరు. మనల్ని ఏడాది కూసోబెట్టినోడు తనంతట తనే పోయి కూసుండె అంటరు.” తాయప్ప కొమ్మ ఒకటి విసిరాడు. మేక దాని వెనక పోయింది. “ఇది గుండం కాదు. ఫోన్. ఫోన్ల రివాజు ఏంది, పండుగ ఏంది? ఎవడు అడిగిండు నిన్ను?”

“ఎవరూ అడగలే.”

“మరి?”

“పాడినప్పుడు గుండమే అనుకుని పాడిన కద తాయప్పా. తప్పినాక ఫోన్ అంటే ఎట్ల?”

తాయప్ప కొడవలి పక్కన పెట్టి మొహం తుడుచుకున్నాడు.

“నన్నడగనీకె వచ్చినవా, చెప్పనీకె వచ్చినవా?”

“అడగనీకె.”

“వద్దంటే?”

“వద్దంటే పంపను.”

శ్రుతి అంత దూరాన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. తాయప్ప ఆమె వైపు తిరిగి, ఆ ఆచార్లు తన గురువును ఎంతకాలం చూసుకున్నాడని అడిగాడు. పోయేదాకా, అంది ఆమె. రోజూ కూర్చుని పుస్తకాలు చదివి వినిపించేవాడట, అన్నం కలిపి పెట్టేవాడట. సొంత కొడుకులు ఉన్నారట గానీ వచ్చేవాళ్లు కాదట.

తాయప్ప ఇంకో కొమ్మ తీసుకున్నాడు. నరకలేదు. ముల్లు ఒకటి గోటితో విరిచాడు.

“పంపుకో పో,” అన్నాడు. “నా ముంగట మాత్రం పంపకు.”

ఇంటికి వచ్చి రామదాసు కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. భార్య కమలమ్మ నీళ్ల చెంబు పెట్టి పోయింది. శ్రుతి తాను రాసుకొచ్చిన క్షమాపణ మాట మళ్లీ ఎత్తలేదు. అతను ఏం చెప్పబోతున్నాడో ఆమెకు తెలియదు. చెప్పేది చాలుతుందో చాలదో కూడా తెలియదు. వెనక్కి తీసుకుంటున్నాననే మాట లేకపోతే నిఖిలేశ్ ఒప్పుకుంటాడన్న నమ్మకం ఆమెకు లేదు. అయినా అతని ఫోన్ పట్టుకుని బటన్ నొక్కి ఉంచింది. రామదాసు గొంతు సవరించుకుని మాట్లాడాడు.

“నేను కల్లూరు రామదాసును. మొన్న పాడింది సవాల్. నేనే కట్టిన, నేనే పాడిన. శ్రుతమ్మకు ఎరుక లేదు. ఆచార్ల గురువుకు చూపు లేదన్న సంగతి నాకు తెల్వదు. తెల్వకున్నా అది తప్పిన పాటే. మా రివాజు ప్రకారం వచ్చే పండుగకు కల్లూరు మేళం గుండం కాడికి రాదు. ఇది మాకు మేమే వేసుకున్నది, ఎవరో అంటే వేసుకున్నది కాదు. ఇగ మాకు గురువు ఉన్నడా లేడా అన్న మాటకు నా జవాబు అట్లనే ఉంటది. దాన్ని వాపస్ తీసుకోను. అందరికీ దండం, శరణార్థి.”

శ్రుతి వేలు ఎత్తింది. మాట వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ చూడలేదు. ఆమె లోపలికి పోయి కమలమ్మ దగ్గర కూర్చుంది. రామదాసు ఎడ్లను నీళ్లకు తోలుకుపోయి తెచ్చాడు. నాగలి కర్రుకు పట్టిన మన్ను గీకాడు. చేయాల్సిన పనేం కాదది.

మధ్యాహ్నం దాటాక లింగసుగూరు రోడ్డు మీద బస్సు ఆగి పోయింది. కొంచెంసేపటికి సందు మొదట్లో తెల్ల పంచె, చేతిలో గొడుగు, నుదుటన ఆచార్లు దిద్దుకునే నల్లటి అంగార రేఖ ఉన్న మనిషి ఒకరు ఇంటింటికీ తలెత్తి చూస్తూ వస్తున్నాడు. వెనకాల తాయప్ప నడుస్తున్నాడు. దారి చూపిస్తున్నట్టూ లేదు, చూపించనట్టూ లేదు. ఆయన్ను చూసి శ్రుతి గబుక్కున లేచి బయటికి వచ్చింది. అప్పుడు రామదాసుకు ఆ మనిషెవరో తెలిసింది.

“రండి సార్,” అని చాప పరిచాడు. జయతీర్థ చెప్పులు విడిచి, గొడుగు గోడకు చేర్చి కూర్చున్నాడు. నీళ్లిస్తే తాగాడు. తాగాక చెంబు పక్కన పెట్టి ఊపిరి తీసుకున్నాడు. ఎండ లేకపోయినా ఆయన చొక్కా తడిసి ఉంది.

“ఫోన్లో రాయొచ్చు. రాశాను కూడా, బస్సులో కూర్చుని,” అన్నాడు. “కానీ కొన్ని మాటలు మనిషి ఎదుట అనాలి.”

శ్రుతి ఫోన్ తీసి చూసింది. ఆయన రాసింది చిన్నదే. రామదాసు పాడింది సవాల్ అనీ, వినగానే తనకు ఆ సంగతి తెలిసిందనీ, తెలిసీ ఊరుకోవడం తన తప్పనీ, శ్రుతికి ఇందులో ఏ సంబంధమూ లేదనీ ఉంది. చేతులు జోడించిన బొమ్మ లేదు. దాని కింద నిఖిలేశ్ ఆ బొమ్మ పెట్టాడు. ఇక నిన్న అమానుషం అన్నవాళ్లతో సహా అందరూ వరసగా పువ్వులు పెట్టుకుంటూ పోయారు. ఉత్తరం ఊసు ఎవరూ ఎత్తలేదు.

“తెలిసి ఎందుకు ఊకున్నరు సార్?” అంది శ్రుతి. “నిన్నంతా నన్ను...”

జయతీర్థ పంచె అంచు సర్దుకున్నాడు.

“ఇది సవాల్ అని నేను రాస్తే, సవాల్ కట్టే సంప్రదాయం ఇక్కడ ఉందని రాసినట్టే కదమ్మా. లేదని అంతకు ముందే రాసి ఉన్నాను. పొద్దున ఒప్పుకుందాం, మధ్యాహ్నం ఒప్పుకుందాం అనుకుంటూ ఉంటే అందరూ నా తరఫున కోపం తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నోరు రాలేదు.” రామదాసు వైపు చూశాడు. “ఇంకో సంగతి. మా గురువుగారి మాట తగిలింది. ఎట్లా పాడారో తెలిసినా తగిలింది. అది నేను మరిచిపోలేను.”

“మరవమని నేను అడగను సార్,” అన్నాడు రామదాసు.

జయతీర్థ తలూపాడు. తర్వాత ఆయన గొంతు పాఠం చెప్పే గొంతు అయింది. అయినా ఒక విషయం చెప్పాలన్నాడు. శ్రుతి పెట్టిన పాటల్లో నల్లగుర్రం పాట ఉంది. ఆమె వ్యాసమంతా దాని మీదే నిలబడింది. మిగతావాటి సంగతి తాను తొందరపడి రాసి ఉండొచ్చు గానీ, ఆ ఒక్కదాని బాణీ మాత్రం సినిమాదే. దాంట్లో తాను తగ్గేది లేదన్నాడు.

శ్రుతి రామదాసు వైపు చూసింది. రామదాసు తాయప్ప వైపు చూశాడు. తాయప్ప అరుగు కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

“బాణీ నాదే,” అన్నాడు తాయప్ప. “చిన్నప్పుడు డేరా టాకీసుల విన్న. పాత బాణీల పాడితే పిల్లలు లేసి పోతుండ్రి.”

“నాకు ఒక్క మాట చెప్పలేదు తాయప్ప మామా?”

“పాటెవరిదని అడిగినవ్, మా తాతలదని చెప్పిన. బాణీ ఎవరిదని అడిగినవా?”

జయతీర్థ పెదవుల చివర ఏదో కదిలింది, నవ్వు దాకా రాలేదు. శ్రుతి కళ్లు మూసుకుని గోడకు తల ఆనించింది. వ్యాసంలో సగం మళ్లీ రాయాలి. ఆఖరు పరీక్షలో ఆ ప్రశ్న తాను తప్పకుండా అడుగుతానని జయతీర్థ చెప్పాడు, సిద్ధంగా రమ్మన్నాడు. పరీక్ష జరుగుతుందన్న మాట అట్లా ఆయన నోటి నుంచి బయటికి వచ్చింది. ఆమె సరే సార్ అంది. ఆ సరే అన్నప్పుడు ఆమె భుజాలు కిందికి దిగడం రామదాసు చూశాడు.

“మేళం కూర్చోవాల్సిన పని లేదు,” అన్నాడు జయతీర్థ రామదాసుతో. “నేను పట్టించుకోనని గుంపులో రాస్తాను, కావాలంటే.”

“మీరు వేసింది కాదు సార్. మీరు తీసేది కాదు.”

తాయప్ప వీధి వైపు చూస్తూ ఉండిపోయాడు. అతని పండుగ పోయింది. ఒక ఏడాదికి గొంతు ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు. అతను లేచి పోతాడేమోనని రామదాసు అనుకున్నాడు. పోలేదు.

లోపల కమలమ్మ శ్రుతిని పిలిచి గొంతు తగ్గించి అడిగింది. “ఆచార్లు మన ఇంట్ల తింటడా? అడిగితే బాగుంటదా, అడగకుంటే బాగుంటదా?” శ్రుతికీ తెలియలేదు. పొయ్యి మీద పెనం వేడెక్కి ఉంది, పిండి తడిపి ఉంది. కమలమ్మ ఇంకెవరినీ అడగకుండా రొట్టెలు తట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు అరుగు మీదికి వినబడింది. జయతీర్థ బస్సు వేళ అడగబోయి ఆగాడు.

కమలమ్మ పళ్లేలు తెచ్చి వరసగా పెట్టింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పల్లీల శేంగపొడి మీద కాస్త నూనె, గిన్నెలో పెరుగు. జయతీర్థ ముందు ఒక పళ్లెం పెట్టాలా వద్దా అని ఆమె చేతిలో పట్టుకుని గడప దగ్గరే నిలబడింది. ఆయన చేయి చాచి పళ్లెం అందుకుని తన ముందు పెట్టుకున్నాడు. చెంబులో నీళ్లతో చేయి కడుక్కున్నాడు. రామదాసు పక్కకు జరిగి తాయప్పకు చోటు చూపించాడు. తాయప్ప మెట్టు మీద నుంచి లేచి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా కూర్చున్నాడు. శ్రుతి చివరన కూర్చుంది.

జయతీర్థ రొట్టె తుంచాడు. వేడికి వేళ్లు కాలి ఒకసారి వదిలి మళ్లీ పట్టుకున్నాడు. తాయప్ప శేంగపొడి గిన్నెను ఆయన వైపు జరిపాడు. ఆయన ఒక చెంచా వేసుకుని గిన్నెను శ్రుతి వైపు జరిపాడు. కమలమ్మ వేడిరొట్టె ఒక్కొక్కటే తెచ్చి పళ్లేల్లో వేస్తూ పోయింది. రొట్టె తుంచే చప్పుడు, నమిలే చప్పుడు, లోపల కమలమ్మ అరచేతుల చప్పుడు. అందరూ కడుపునిండా తిన్నారు.